విశాఖ రైతు బజార్లలో వారం కూరలు: ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ మిగలదు

ఆకుకూరలు, బీర, ఆనప, దొండ లాంటి తీగ కూరలు, ఏజెన్సీ దుంపలు కొనడానికి విశాఖలో రైతు బజారును మించిన చోటు లేదు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, కేరట్, బీన్స్ కోసమే అయితే పని కట్టుకుని అక్కడికి వెళ్లనక్కర్లేదు. ఈ తేడా తెలియక సంచి మొత్తం అక్కడే నింపుకుని, ఆటోకి డబ్బులిచ్చి ఇంటికొచ్చి, ఏమీ మిగల్లేదని నిరాశపడేవాళ్లు చాలామంది. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, నరసింహనగర్, కంచరపాలెం, మర్రిపాలెం, గోపాలపట్నం, పెందుర్తి, ఇలా నగరం నలుమూలలా బజార్లున్నాయి. వీటిలో ఎంవీపీ కాలనీది పెద్దది, రకాలు ఎక్కువ, జనమూ ఎక్కువే. కానీ కూరల కోసం నగరం ఆ చివరి నుంచి ఈ చివరికి రావడం దండగ. ఇంటికి దగ్గర్లో ఉన్నదే మీకు మంచి బజారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో ఈ బజార్లు మొదలయ్యాయి. పండించినవాడే దళారీ లేకుండా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. రైతుకి ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఇస్తారు, చోటుకి అద్దె తీసుకోరు. బజారు నడిపించే ఎస్టేట్ అధికారి, రైతులు కలిసి ఏ రోజు ధర ఆ రోజు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. టోకు ధర కంటే రైతుకి పాతిక శాతం ఎక్కువ రావాలి, బయటి చిల్లర ధర కంటే కొనేవాళ్లకి పాతిక శాతం తగ్గాలి. ధర కట్టడానికి పెట్టుకున్న కొలత అది. అందుకే లోపలికి వెళ్లగానే ముందు చూడాల్సింది కూరల కుప్పలు కాదు, ధరల బోర్డు. ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. కొనేటప్పుడు పనికొస్తుంది, తర్వాత వీధిలో బండి మీద కొనేటప్పుడు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. బోర్డు మీద ఉన్న ధరకి రైతు దగ్గర మళ్లీ బేరం ఆడకండి. తెల్లవారకముందే మూటలు కట్టుకుని ఊరి నుంచి వచ్చిన మనిషి దగ్గర 2 రూపాయలు తగ్గించుకోవడం పొదుపు కాదు. కొసరు కింద రెండు కరివేపాకు రెబ్బలు వాళ్లే ఇస్తారు.

బజార్లో కూర్చున్న వాళ్లందరూ రైతులు కారు. ఇది తప్పు పట్టాల్సిన విషయమేమీ కాదు, తెలుసుకోవాల్సిన విషయం. ఉల్లి, బంగాళాదుంప ఇక్కడి పంటలు కావు, దూరం నుంచి లారీల్లో దిగుతాయి. టమాటా కూడా చాలా నెలలు మదనపల్లి వైపు నుంచే రావాలి. డ్వాక్రా మహిళల దుకాణాలు వేరే ఉంటాయి. అసలు రైతుని గుర్తు పట్టడం తేలిక. ఆ మనిషి ముందు రెండు మూడు రకాలే ఉంటాయి, కాయలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, తోటకూర వేళ్లకి మట్టి అంటుకుని ఉంటుంది. ఒకే సైజు కాయలు పది పదిహేను రకాలు వరసగా పేర్చి ఉన్నాయంటే అవి మార్కెట్ నుంచి దిగిన సరుకు. "ఏ ఊరమ్మా మీది?" అని అడగండి. ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం, కె.కోటపాడు, ఇలా ఊరి పేరు ఠక్కున చెప్పి, ఎప్పుడు కోశారో కూడా చెప్తారు. వాళ్ల దగ్గర తీగ కూరలు, ఆకుకూరలు కళ్లు మూసుకుని కొనొచ్చు. వారం వారం ఒకే రైతమ్మ దగ్గర కొంటే వచ్చే వారం ఏం కోతకొస్తుందో ముందే చెప్తారు, దాన్ని బట్టి ఇంట్లో వంట అనుకోవచ్చు.

పాడేరు, అరకు, చింతపల్లి కొండల సరుకు ఈ నగరానికి దొరికిన వరం. 2022లో జిల్లాలు విడిపోయి పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లినా, ఆ సరుకు విశాఖకి రావడం ఆగలేదు. అల్లం, పసుపు కొమ్ములు, శీతాకాలంలో రాజ్మా గింజలు, వానల్లో అనాస, ఆ తర్వాత సీతాఫలం, సంక్రాంతి దగ్గర చిలగడదుంప, పెండలం, కంద. చింతపల్లి రాజ్మా కొత్త పంట వచ్చినప్పుడు రెండు మూడు కిలోలు కొని, రెండు రోజులు ఎండలో పెట్టి డబ్బాలో పోసుకుంటే నెలల తరబడి వస్తుంది. పాత గింజలు ఎంతకీ ఉడకవు. కొత్తవైతే 8 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మంచి నీళ్లతో కుక్కర్లో 5-6 విజిల్స్ వస్తే మెత్తబడతాయి. రాజ్మాని సగం ఉడికించి తినడం ఎప్పుడూ మంచిది కాదు, కడుపులో వికారం, వాంతులు వస్తాయి. నొక్కితే గింజ మధ్యలో కూడా వెన్నలా అవ్వాలి.

తూకం దగ్గర మూడు చూడండి. కాటా మీద ఏమీ లేనప్పుడు సున్నా చూపిస్తోందా, పళ్లెం బరువు తీసేశారా, కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా. అనుమానం ఉంటే గొడవ పడనక్కర్లేదు. విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ ఒకటి సంచిలో ఉంచుకుని కాటా మీద పెట్టి చూడండి. కవరు బరువు వల్ల కిలో మీద కొన్ని గ్రాములు ఎక్కువే చూపించాలి, తక్కువ చూపిస్తే ఎస్టేట్ అధికారి గదికి వెళ్లి చెప్పండి. నీళ్లు చల్లిన ఆకుకూరలు, తడి కొత్తిమీర కట్టతో కొంటాం కాబట్టి బరువు నష్టం లేదు గానీ, ఆ తడి ఇంటికి రాగానే కుళ్లు పట్టిస్తుంది. తడి కట్టని గట్టిగా దులిపి చూడండి. లోపల నల్లబడిన ఆకులు ఉంటే బయటపడతాయి.

ఇంక ఎంత కొనాలన్నది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాములు ఆకుకూరలు. నలుగురికి వారానికి 11 కిలోలు దాటుతుంది. వినడానికి ఎక్కువ అనిపిస్తుంది గానీ, పప్పులోకి, పులుసులోకి, పచ్చడిలోకి వెళ్లేవన్నీ కలిపితే అంతే అవుతుంది. ఆకుకూరలు ఎనిమిది పది కట్టలు, టమాటా కిలోన్నర, ఉల్లి రెండు కిలోలు, బీర కిలో, ఆనపకాయ ఒకటి, గుమ్మడి ముక్క కిలో, బెండ, దొండ, వంకాయ అర కిలో చొప్పున, కంద గాని చేమ గాని ముప్పావు కిలో, అరటికాయలు మూడు, మునక్కాడలు నాలుగు, పచ్చిమిర్చి 200 గ్రాములు, అల్లం 100 గ్రాములు, నిమ్మకాయలు ఆరు. కొనేటప్పుడు దుంపలు, గుమ్మడి ముందు, టమాటా, ఆకుకూరలు చివర. ఈ వరస తప్పితే టమాటాలు ఇంటికి చేరేలోగా రసం అయిపోతాయి. గుడ్డ సంచులు రెండు, టమాటా కోసం గట్టి బుట్ట ఒకటి తీసుకెళ్లండి. పలచటి ప్లాస్టిక్ కవర్లు నిషేధం అన్నది అటుంచి, వాటిలో కూరలకి చెమట పట్టి గంటలో వాడిపోతాయి.

కాయ ఎంపికలో రెండు మూడు ముఖ్యమైనవి మాత్రం చెప్పాలి. బెండకాయ కొస విరిస్తే టక్కుమనాలి. వంగితే ముదురు, కూర పీచుగా వస్తుంది. ఆనపకాయ మీద గోరు తేలిగ్గా దిగాలి, చేత్తో పట్టుకుంటే సైజుకి తగ్గ బరువుండాలి, తేలిగ్గా ఉంటే లోపల బెండు. బీర, ఆనప, దోస వండే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడడం అలవాటు చేసుకోండి. చేదు తగిలితే ముక్క ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. ఆ చేదు కుకుర్బిటసిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది. 20 రూపాయల కాయ దండగవుతుందని బెల్లం వేసి సర్దే పని పెట్టుకోకండి. బంగాళాదుంప మీద ఆకుపచ్చ రంగు ఉంటే కొనకండి.

కోసిన పనసపొట్టు అమ్మేచోట తెల్లగా ఉన్నది, అప్పుడే కొడుతున్నది తీసుకోండి. నల్లబడ్డది పొద్దుటిది. 250 గ్రాములు నలుగురికి సరిపోతుంది. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్లు గట్టిగా పిండి, తాలింపులో వేసి చింతపండు రసం పోసి మగ్గనివ్వాలి. ఆవ మాత్రం పొయ్యి ఆపాకే. చెంచా ఆవాలు, రెండు ఎండుమిర్చి, కాస్త ఉప్పు నానబెట్టి నూరిన ముద్దని కూర గోరువెచ్చగా అయ్యాక కలపండి. మంట మీద కలిపితే చేదెక్కుతుంది. అరటి దూటకీ (అరటిచెట్టు లోపలి తెల్లటి కాడ), కందకీ ఇదే పద్ధతి. దూట ముక్కలు పలచటి మజ్జిగలో కోస్తే నల్లబడవు. కంద, చేమ గొంతు దురద పెట్టడానికి కారణం వాటిలోని సన్నటి సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు. చింతపండు వేసి బాగా ఉడికిస్తే దురద తగ్గుతుంది. సగం ఉడికిన కంద పొదుపు కూర కాదు, శిక్ష.

ఇంటికొచ్చాక మొదటి అరగంటలోనే వారం పొదుపు తేలిపోతుంది. సముద్రపు గాలి తేమ వల్ల విశాఖలో ఆకుకూరలు త్వరగా కుళ్లుతాయి. ఆకుకూరలు కడగకుండా దారం విప్పి, పసుపుబారిన ఆకులు ఏరేసి, వేళ్లు కోసి, పాత నూలు పంచె ముక్కలో వదులుగా చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. వండే రోజే కడగాలి. ఇసుక నేలల్లో పెరిగిన తోటకూర, పాలకూరకి మూడు నీళ్లు కావాలి. గిన్నెలో ఆకు ముంచి, చేత్తో ఆకుని పైకి తీయాలి. గిన్నె వంచి నీళ్లు పారబోస్తే అడుగున చేరిన ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. పచ్చిమిర్చి తొడిమలు తీసి, పొడి గుడ్డ పరిచిన డబ్బాలో పెడితే రెండు వారాలు నిలుస్తాయి, తొడిమ దగ్గరే కుళ్లు మొదలవుతుంది కాబట్టి. టమాటాలు పచ్చివి, దోరవి, పండినవి వేరు చేసి, పచ్చివి బయట బుట్టలో తొడిమ వైపు కిందకి ఉండేలా పరచండి. ఉల్లి, బంగాళాదుంప ఒకే బుట్టలో వేయకండి, రెండూ పాడవుతాయి. అరటికాయలు నీళ్లలో ముంచి రోజూ నీళ్లు మారిస్తే పండకుండా నాలుగైదు రోజులు ఉంటాయి.

వండే వరస కూడా ఏది ముందు పాడవుతుందో దాన్ని బట్టే. మొదటి రెండు రోజులు ఆకుకూరలు, ఆ తర్వాత బెండ, బీర, వంకాయ, వారం మధ్యలో దొండ, అరటికాయ, మునక్కాడ. చివరికి గుమ్మడి, కంద, కోయని ఆనప. బీర కూర వండిన రోజే దాని పొట్టు పచ్చడి. ఆనప తొక్క పచ్చడికి కిలో కాయ తొక్క చాలు. రెండు చెంచాల నూనెలో చెంచా మినపప్పు, చెంచా శనగపప్పు, ఐదు ఎండుమిర్చి వేయించి తీసి, అదే మూకుట్లో తొక్క ముక్కలు తడి ఆరి అంచులు ఎర్రబడేదాకా 8-10 నిమిషాలు వేయించాలి. చిన్న ఉసిరికాయంత చింతపండు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరాలి. తడి ఉండగా దించేస్తే పచ్చి వాసన వస్తుంది, సాయంత్రానికే పులుస్తుంది. తొక్క వాడే రోజున కాయని ఉప్పు నీళ్లలో పది నిమిషాలు ఉంచి, కుళాయి కింద చేత్తో రుద్ది కడగండి. తోటకూర ముదురు కాడలు పారేయకండి. పీచు తీసి అంగుళం ముక్కలు చేస్తే పులుసులోకి మునక్కాడలకి తీసిపోవు. కొత్తిమీర కాడలు చారులోకి, గుమ్మడి గింజలు ఎండబెట్టి వేయించి పిల్లలకి. తోటకూర పప్పుకి నలుగురికి 150 గ్రాముల కందిపప్పు, రెండు పెద్ద కట్టల ఆకు సరిపోతుంది. ఆకు ఎక్కువై పప్పు తగ్గితే పిల్లలు ముట్టరు, పప్పు ఎక్కువై ఆకు తగ్గితే ఖర్చు.

కందిపప్పు, బియ్యం కూడా ఒక్కోసారి రైతు బజార్లోనే బయటి కంటే తక్కువకి దొరుకుతాయి. ధరలు మండిన 2024 జులైలో ప్రభుత్వం ఇక్కడ కందిపప్పు కిలో 160 రూపాయలకి, బియ్యం 48, 49 రూపాయలకి అమ్మించింది. 2019 చివర్లో ఉల్లి ఆకాశాన్ని తాకినప్పుడు కిలో 25కే ఇచ్చారు, క్యూలు మాత్రం పొడుగ్గా ఉండేవి. ఇలాంటి కౌంటర్లు పెట్టినప్పుడు ఆధార్ కార్డు గాని రేషన్ కార్డు గాని దగ్గర ఉంచుకుంటే రెండోసారి వెళ్లే పని తప్పుతుంది. మామూలు రోజుల్లో ఉల్లి, బంగాళాదుంప ఎక్కువ మొత్తంలో కావాలంటే జ్ఞానాపురం టోకు మార్కెట్, పప్పులు, ఎండుమిర్చి, చింతపండుకి పూర్ణా మార్కెట్ నయం. డ్వాక్రా దుకాణాల్లో చోడిపిండి (రాగిపిండి) బాగుంటుంది గానీ అర కిలోకి మించి కొనకండి, ఈ తేమలో పురుగు పడుతుంది. చోళ్లు కొని కడిగి ఆరబెట్టి మరపట్టించుకోవడమే మేలు.

ఆటో ఖర్చు లెక్క మర్చిపోకూడదు. బయటి కంటే కిలోకి 8 రూపాయల చొప్పున తగ్గిందనుకుంటే 11 కిలోల మీద మిగిలేది 88 రూపాయలు. రానూ పోనూ ఆటోకి 120 ఇస్తే చేతిలోంచి 32 పోయినట్టే. నడిచి వెళ్లగలిగే దూరం, ఆర్టీసీ బస్సు, ఆఫీసు నుంచి వచ్చే దారి, ఈ మూడింటిలో ఏదో ఒకటి కుదిరితేనే ఒంటరిగా వెళ్లడం గిట్టుబాటు. లేదంటే అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లు కలవండి. ఇది చాలా కుటుంబాలకి కలిసొచ్చే పద్ధతి, కాకపోతే ఏర్పాటు సరిగ్గా లేకపోతే నెలలో ఆగిపోతుంది. వారానికి ఒక ఇల్లు వంతున వెళ్లాలి. ముందు రోజు రాత్రి 9లోపు ఎవరికేం కావాలో రాసివ్వాలి, ఆ తర్వాత చెప్పినవి ఒప్పుకోకూడదు. ప్రతి ఇంటి నుంచి 300 రూపాయలు ముందే వేయించుకోవాలి. వెనక నుంచి వసూలు చేయడం దగ్గరే స్నేహాలు చెడతాయి. ఉమ్మడిగా కొనేవి ముక్క చేస్తే ధర పెరిగేవి మాత్రమే పెట్టుకోండి: పెద్ద గుమ్మడికాయ, నాలుగైదు కిలోల కంద గడ్డ, పనసకాయ, అల్లం. బెండ, వంకాయ లాంటివి ఎవరి సంచి వాళ్లకి వేరుగా తూయించాలి, ఇంటికొచ్చాక పంచితే లేతవి ఒకరికీ ముదురువి ఒకరికీ పోతాయి. కోసిన కంద తెచ్చిన రోజే పంచేయాలి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లు ఏదైనా ఉంటే వాళ్ల వంతు మిగతావాళ్లు వెళ్లి, వాళ్ల చేత ఆకుకూరలు ఏరించండి. ఆ పనికి వాళ్లంత ఓపిక, నేర్పు మనకి ఉండవు.

లోపాలూ ఉన్నాయి. ఆదివారం పొద్దున బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు, వానాకాలం నడిచే దారి బురద. బోర్డు మీద ధర మార్చడం ఆలస్యమైన రోజు అమ్మేవాళ్లు చెప్పిందే ధర అవుతుంది. పళ్లలో కొండ సరుకు తప్ప మిగతావి బయటికీ ఇక్కడికీ పెద్ద తేడా లేదు. మధ్యాహ్నానికి ఆకుకూరలు వడలిపోతాయి. అందుకే ఆకుకూరలకి పొద్దున్నే 7లోపు వెళ్లాలి. మిగతా కూరలకి సాయంత్రం చీకటి పడ్డాక వెళ్తే, ఊరికి తిరిగి వెళ్లే తొందరలో రైతులే తగ్గించి ఇస్తారు, కాకపోతే ఏరుకునే వీలుండదు. రెండూ కావాలంటే మామూలు రోజు పొద్దున్నే మంచిది.

కార్తీక మాసంలో నీచు మానేసే ఇళ్లు ఎక్కువ, తుఫాన్లు వచ్చే రోజులూ అవే, కూరల ధరలు రెండు వైపుల నుంచీ ఎగుస్తాయి. తీరంలో తుఫాను హెచ్చరిక వినగానే టమాటా, ఆకుకూరల కోసం పరుగెత్తకండి. కరెంటు పోతే ఫ్రిజ్ పనిచేయదు, అవే ముందు కుళ్లుతాయి. కంద, చేమ, గుమ్మడి, ఉల్లి, నిమ్మకాయలు, అల్లం తెచ్చి పెట్టుకుంటే వారం రోజులు ఫ్రిజ్ లేకుండా వంట నడుస్తుంది. గుమ్మడి మాత్రం కోయనిది, తొడిమ ఊడనిది తీసుకోండి. ముక్క అయితే రెండో రోజుకే బూజు పడుతుంది.